ఇంగ్లండు పల్లెలో రాయి లేని మనుషుల కోసం వెతుకులాట: కుటుంబ చరిత్ర, ఊరి చరిత్ర తవ్వడం ఎలా

డార్సెట్ కౌంటీలో టోల్‌పడిల్ అని చిన్న ఊరు. ఆ చర్చి ఆవరణలో జేమ్స్ హామెట్ సమాధి ఉంది. కూలి తగ్గించవద్దని సంఘం కట్టి, రహస్య ప్రమాణం చేయించారన్న నేరం మీద 1834లో ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష పడిన ఆరుగురు వ్యవసాయ కూలీలలో ఆయన ఒకడు. చనిపోయింది 1891లో, డార్చెస్టర్ వర్క్‌హౌస్‌లో, అంటే దిక్కులేని పేదలను ఉంచే సర్కారు సత్రంలో. ఇప్పుడు మనం చూసే సమాధిరాయి మాత్రం 1934 నాటిది. శిక్ష పడి వందేళ్లయిన సందర్భంగా దాన్ని నిలబెట్టారు. ఎరిక్ గిల్ అనే పేరున్న శిల్పి చెక్కాడు.

హామెట్ చరిత్రకెక్కాడు కనుక ఆలస్యంగానైనా ఆయనకు ఆ రాయి దక్కింది. అదే మట్టిలో ఉన్న మిగతా కూలీలకు ఆ అదృష్టం లేదు. ఇంగ్లండు పల్లెల్లో సమాధిరాళ్లు చెప్పే చరిత్ర ఎక్కువగా రైతులది, పాదిరులది, మిల్లు యజమానులది. మీరు వెతికే మనిషి కూలీ అయితే రాళ్ల మధ్య ఎంతసేపు తిరిగినా కనిపించడు.

ఇంగ్లండు నైరుతి మూలన ఒక పల్లెలో పాత ఇల్లు కొనుక్కుని తొమ్మిదేళ్లు దాటింది. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరుండేవారో తెలుసుకోవాలని మొదలుపెట్టిన పని ఊరంతా పాకింది. ఇన్నేళ్లలో నాకు అర్థమైన సూత్రం ఒక్కటే. ఆ పల్లెల్లో కాగితం పుట్టింది ఎవరినీ గుర్తుపెట్టుకోవడానికి కాదు, డబ్బు లెక్క చూసుకోవడానికి. కాబట్టి "ఈయన గురించి ఎక్కడ రాసి ఉంటుంది?" అని వెతకవద్దు. "ఈయన వల్ల ఎవరికి ఖర్చు? ఎవరికి రాబడి?" అని వెతకండి. ఖర్చు భరించినవాడు లెక్క రాసుకునే ఉంటాడు.

మొదటి అడుగు: ఊరి హద్దు తేల్చుకోండి

పారిష్ అంటే మొదట చర్చి పరిధి. ఒక చర్చి, ఒక పాదిరి, ఆయనకు పంటలో దశమ భాగం ఇచ్చుకోవలసిన భూములు. పన్నులు, పేదల పోషణ చూసే పౌర పారిష్ తర్వాత దాని నుంచి విడిపోయింది. 1894లో వాటికి ఎన్నికైన కౌన్సిళ్లు వచ్చాయి. ఈ రెండింటి హద్దులూ ప్రతిచోటా ఒకటే కావు. అందుకే ముందుగా ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: ఊరు ఏ కౌంటీలో ఉంది, ఏ బిషప్ పరిధిలో ఉంది, 1834 తర్వాత ఏ పేదల యూనియన్ (పేదల పోషణకు కలిసిన ఊళ్ల గుంపు) కింద ఉంది, 1837 తర్వాత ఏ రిజిస్ట్రేషన్ జిల్లాలో ఉంది. ఈ నాలుగింటి కాగితాలూ నాలుగు చోట్ల ఉండవచ్చు. జెన్‌యూకీ అనే ఉచిత వెబ్‌సైటులో పారిష్‌లవారీగా ఈ వివరాలు దొరుకుతాయి. ఫ్యామిలీసెర్చ్ అనే కుటుంబ చరిత్ర వెబ్‌సైటులో 1851 నాటి హద్దుల మ్యాపు ఉంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. టోల్‌పడిల్ చుట్టుపక్కలే పడిల్‌టౌన్, అఫ్‌పడిల్, టర్నర్స్ పడిల్, బ్రయాంట్స్‌పడిల్ ఉన్నాయి. కాస్త ఎగువకు వెళితే పిడిల్‌హింటన్, పిడిల్‌ట్రెంథైడ్. అన్నిటికీ పేరిచ్చిన ఏరు ఒక్కటే, పిడిల్. పాత గుమాస్తాలు 'పి' రాయాల్సిన చోట 'ప', 'ప' రాయాల్సిన చోట 'పి' రాసేవారు. తాడేపల్లికి వెళ్లాల్సినవాడు తాడేపల్లిగూడెంలో దిగినట్టు, తప్పు ఊరి రిజిస్టరులో వారం గడిపిన వాళ్లు నాకు తెలుసు.

ఆన్‌లైన్‌కు ముందు వీలైతే ఒకసారి ఊరంతా నడిచి రండి. చర్చి, పబ్బు, పాత బడి, మిల్లు, పెద్ద రైతు ఇల్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కాళ్లకు తెలిస్తే తర్వాత కాగితాలు తేలిగ్గా అర్థమవుతాయి. వెళ్లలేనివారికి స్కాట్లండు జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటు ఉంది. పేరు స్కాట్లండుదే అయినా ఇంగ్లండు పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపులు కూడా అక్కడ ఉచితంగా చూడవచ్చు. పాత మ్యాపు, నేటి ఉపగ్రహ చిత్రం పక్కపక్కన పెట్టి చూపిస్తుంది.

రెండో అడుగు: తెలిసినచోటి నుంచి వెనక్కి

తద్దినం పెట్టేటప్పుడు మనం మూడు తరాల పేర్లు చెబుతాం, నాలుగోది అడిగితే తడుముకుంటాం. ఇంగ్లండువాళ్ల పరిస్థితీ అంతే. తెలిసిన మూడు తరాలను కాగితంతో రుజువు చేసుకున్నాకే నాలుగోదానికి వెళ్లాలి. ఫలానా ప్రభువు వంశం మాది అని పైనుంచి కిందికి దిగినవాళ్లెవరూ సరైన గుమ్మం ముందు దిగలేదు.

జనన, వివాహ, మరణాల పౌర నమోదు 1837 జూలై 1న మొదలైంది. సూచికలు మూడు నెలలకు ఒకటి. జననం నమోదుకు 42 రోజుల గడువు ఉండేది కనుక డిసెంబరులో పుట్టిన బిడ్డ మరుసటి ఏడాది మార్చి సూచికలో కనిపించవచ్చు. ఫ్రీబీఎండీ అనే వెబ్‌సైటులో సూచికలు ఉచితం. జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత సూచిక ఇంకా మేలు, ఎందుకంటే అందులో 1837 నుంచే బిడ్డ తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. ఒకే ఇంటిపేరున్న రెండు కాపురాలను విడదీయడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. మొదటి దశాబ్దాల్లో కొన్ని జననాలు నమోదే కాలేదు. నమోదు చేయని తల్లిదండ్రులకు జరిమానా పడే పరిస్థితి 1875 నుంచి వచ్చింది.

పెళ్లి పత్రంలో వధూవరులిద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. తల్లుల పేర్లు చేరింది 2021 మేలో! మరణ పత్రంలో నేను ముందు చూసేది ఆ కబురు ఇచ్చినవారి పేరున్న గడి. పెళ్లయిన కూతురు, అల్లుడు, పొరుగింటామె అక్కడ హఠాత్తుగా ప్రత్యక్షమవుతారు.

మూడో అడుగు: జనగణన

1801 నుంచి పదేళ్లకోసారి లెక్క జరిగినా, దేశమంతటా పేర్లతో దొరికే మొదటి జనగణన 1841ది. అందులో 15 దాటినవారి వయసును ఐదు గుణిజానికి కిందికి దించి రాయమన్నారు. 24 ఏళ్లవాడు 20, 29 ఏళ్లవాడు 25 అవుతాడు. అందరు గుమాస్తాలూ ఆ మాట వినలేదు, అదింకో చిక్కు. బంధుత్వం, పుట్టిన పారిష్ 1851 నుంచి రాశారు. కాబట్టి 1851 దాకా బతికినవాడు దొరికితే పండగే.

1921 జనగణన 2022 జనవరిలో బయటికొచ్చింది. 1931ది 1942లో కాలిపోయింది. 1941లో యుద్ధం వల్ల జనగణనే లేదు. ఆ లోటును 1939 సెప్టెంబరు 29న తయారైన జాతీయ రిజిస్టరు కొంత పూడుస్తుంది.

మీ కుటుంబాన్ని మాత్రమే చూసి పేజీ మూసేయవద్దు. చిన్న పారిష్ అయితే ఊరి జనగణన మొత్తం పది పన్నెండు పేజీలే ఉంటుంది, పూర్తిగా ఎత్తి రాసుకోండి. ఎవరి పక్కన ఎవరున్నారు, ఎవరింట్లో ఎవరి పిల్ల పనిచేస్తోంది, ఎవరి అత్తగారు ఎవరింట్లో ఉంది, అన్నీ తెలుస్తాయి. కుటుంబ చరిత్ర ఊరి చరిత్రగా మారేది ఆ సాయంత్రమే.

నాలుగో అడుగు: చర్చి రిజిస్టర్లు

1837కు ముందు ఆధారం ఇవే. ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయాలని ఆజ్ఞ ఇచ్చాడు. మొదట విడి కాగితాల మీద రాశారు. 1598లో వాటిని తోలు పుస్తకాల్లోకి ఎత్తి రాయమన్నారు, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి పాలన మొదలైన 1558 నుంచి. దాంతో చాలామంది పాదిరులు అంతకుముందు ఇరవై ఏళ్లను హాయిగా వదిలేశారు. మీ ఊరి రిజిస్టరు 1558లో మొదలైతే కారణం అదే.

1598 నుంచే ఏటా ఒక నకలు బిషప్‌కు పంపాలన్న నియమం కూడా వచ్చింది. అసలు పుస్తకం ఎలుకలు కొట్టినా, తడిసినా, ఆ నకలులో దొరకవచ్చు. రెండూ ఉంటే రెండూ చూడండి. నకలు రాసేటప్పుడు పేర్లు వదిలేసినవాళ్లూ ఉన్నారు, అసలులో లేని ముక్క చేర్చినవాళ్లూ ఉన్నారు.

1640ల అంతర్యుద్ధం నుంచి 1660లో రాజు తిరిగి వచ్చేదాకా చాలా రిజిస్టర్లలో ఖాళీలుంటాయి. అక్కడ తల బాదుకోవద్దు. దాటేసి వీలునామాల వైపు వెళ్లండి.

ఇప్పుడు తేదీల సంగతి. కొత్తవాళ్లందరూ ఇక్కడే జారిపడతారు. 1752కు ముందు ఇంగ్లండులో సంవత్సరం మారేది జనవరి 1న కాదు, మార్చి 25న. దాదాపు మన ఉగాది రోజుల్లోనే! కాబట్టి రిజిస్టరులో 1720 జూన్‌లో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో అదే జంటకు బిడ్డ బాప్తిస్మం కనిపిస్తే ఆ అమ్మాయి గురించి తప్పుగా అనుకోవద్దు. ఆ ఫిబ్రవరి పెళ్లికి ఎనిమిది నెలల తర్వాతది, మన లెక్కలో 1721. ఇలాంటి తేదీని 1720/21 అని రెండు సంవత్సరాలూ కలిపి రాసుకోవడం పరిశోధకుల అలవాటు. (ఎనిమిది నెలలేనా అని లెక్కపెట్టేవారికి: అది ఆ పల్లెల్లో ఎవరినీ కలవరపెట్టని విషయం. తొమ్మిది నెలలు నిండకముందే మొదటి బిడ్డ బాప్తిస్మం కనిపించడం చాలా మామూలు.)

1754 మార్చి 25 నుంచి పెళ్లిళ్లకు అచ్చు నమూనా వచ్చింది. వధూవరుల సంతకాలు, సాక్షుల సంతకాలు తప్పనిసరయ్యాయి. సంతకం రానివారు గీత గీస్తారు. ఆ గీతను చూడటం నాకిప్పటికీ ఇష్టం. కొందరిది వణికిన అడ్డుగీత, కొందరిది కలం విరిగేంత నొక్కిపెట్టిన గుర్తు. ఆ మనిషి చేతి బరువు కాగితం మీద పడింది అదొక్కచోటే. పెళ్లి సాధారణంగా అమ్మాయి ఊరి చర్చిలోనే, మనలాగే. మీ ఊరి అబ్బాయి పెళ్లి మీ రిజిస్టరులో లేకపోతే చుట్టుపక్కల ఐదారు మైళ్ల ఊళ్లు వెతకండి. మూడు ఆదివారాలు చర్చిలో చదివే పెళ్లి ప్రకటనల పుస్తకం వధూవరులిద్దరి ఊళ్లలోనూ ఉంటుంది కనుక అమ్మాయి ఊరు అందులో దొరకవచ్చు.

1813 జనవరి నుంచి బాప్తిస్మం, ఖననాలకూ అచ్చు పుస్తకాలు వచ్చాయి. తండ్రి వృత్తి, నివాసం, చనిపోయినవారి వయసు అప్పటి నుంచి తప్పకుండా ఉంటాయి. దానికి ముందు పాదిరి ఓపికను బట్టి. 1783 నుంచి 1794 దాకా ప్రతి నమోదుకూ మూడు పెన్నీల పన్ను ఉండేది, పేదలకు మినహాయింపు. ఆ ఏళ్లలో పేరు పక్కన 'పి' అక్షరం కనిపిస్తే ఆ ఇంటి స్థితి తెలిసినట్టే. పన్ను మొదలవబోయే ముందు నాలుగైదేళ్ల పిల్లలను కూడా వరసబెట్టి తెచ్చి బాప్తిస్మం ఇప్పించిన ఊళ్లున్నాయి. బాప్తిస్మం తేదీ పుట్టిన తేదీ కాదని ఇది గట్టిగా గుర్తుచేస్తుంది.

రిజిస్టరులో మీ కుటుంబం ఎంతకీ లేకపోతే వాళ్లు వేరే క్రైస్తవ సంఘానికి చెందినవారేమో చూడండి. టోల్‌పడిల్ ఆరుగురిలో ముఖ్యుడు జార్జ్ లవ్‌లెస్ మెథడిస్టు బోధకుడు. ఇటువంటి సంఘాల పాత రిజిస్టర్లు చాలావరకు ప్రభుత్వం దగ్గరికి చేరి ఇప్పుడు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అయితే 1754 నుంచి 1837 దాకా క్వేకర్లు (మరో క్రైస్తవ సంఘం), యూదులు తప్ప ఎవరైనా చట్టబద్ధంగా పెళ్లాడాలంటే పారిష్ చర్చికే రావాలి. బాప్తిస్మాలు లేని కుటుంబానికి పెళ్లిళ్లు మాత్రం ఉండటం అందుకే.

ఐదో అడుగు: చర్చి పెట్టె

రిజిస్టర్లు దాచడానికి ప్రతి చర్చిలో తాళాలతో ఒక భారీ చెక్కపెట్టె ఉండేది. ఊరి మిగతా లెక్కలన్నీ అందులోనే పడేవి. ఇప్పుడా కాగితాలు సాధారణంగా కౌంటీ రికార్డు కార్యాలయంలో ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఉన్నవి కొన్నే. చాలామంది ఇక్కడిదాకా రారు. అసలు మనుషులు మాట్లాడేది ఇక్కడే.

1601 చట్టం ప్రకారం ఊరి పేదలను ఊరే పోషించాలి. ఆస్తిపరుల దగ్గర పన్ను వసూలు చేసి ఓవర్సీర్ ఖర్చుపెడతాడు, లెక్క రాస్తాడు. విధవకు వారానికి ఇంత, ఒకడికి బూట్లు, ఇంకొకరికి కట్టెలు, చివరికి శవపేటిక. రాయి లేని మనిషి జీవితం మొత్తం ఈ లెక్కల్లో ఉంటుంది.

ఖర్చు అనగానే "వీడు మా ఊరివాడేనా?" అన్న ప్రశ్న వస్తుంది. 1662 చట్టం దీనికి 'సెటిల్‌మెంట్' అనే హక్కును స్థిరపరిచింది. పెళ్లయిన ఆడది భర్త ఊరిది. పెళ్లికాని పనివాడు ఒక యజమాని దగ్గర పూర్తి ఏడాది పనిచేస్తే ఆ ఊరివాడవుతాడు. అందుకే గడుసు రైతులు ఏడాదికి కొద్ది రోజులు తక్కువగా ఒప్పందం చేసుకునేవారు. ఏడాదికి పది పౌన్ల అద్దె కడితే ఆ ఊరి హక్కు వస్తుంది. పెళ్లికాకుండా పుట్టిన బిడ్డ పుట్టిన ఊరికి చెందుతాడు, కాబట్టి నెలలు నిండిన పెళ్లికాని అమ్మాయిని కాన్పుకు ముందే హద్దు దాటించడానికి ఓవర్సీర్లు తొందరపడేవారు. లెక్క పుస్తకంలో ఆ బండి కిరాయి కూడా ఉంటుంది.

సాయం కోరినవాడిని న్యాయాధికారుల ముందు నిలబెట్టి ప్రమాణం చేయించి రాసుకున్న వాంగ్మూలం దొరికిందంటే మీ పంట పండినట్టే. ఎక్కడ పుట్టాడు, ఎన్నో ఏట ఎవరి దగ్గర పనికి చేరాడు, జీతమెంత, ఎవరిని పెళ్లాడాడు, పిల్లల పేర్లు, వయసులు. చదువురాని కూలీ ఆత్మకథ అర పేజీలో. దాని తర్వాత అతన్ని పాత ఊరికి పంపేయమన్న ఆజ్ఞ ఉంటే దాని జోడీ కాగితం రెండో ఊరి పెట్టెలో వెతకండి. పెళ్లికాని తల్లి ఎవరి పేరు చెప్పిందో, ఆ మనిషి నుంచి ఊరు రాయించుకున్న పూచీకత్తు కూడా ఈ కట్టల్లోనే. బాప్తిస్మం పుస్తకంలో లేని తండ్రి పేరు ఇక్కడ దొరుకుతుంది, ఎందుకంటే ఇక్కడ డబ్బు ప్రశ్న.

చర్చి ఆస్తి, ఖర్చులు చూసే చర్చి వార్డెన్ల లెక్కలు వేరే సరదా. 1566 చట్టం పంట నాశనం చేసే జంతువుల తలలకు బహుమానం పెట్టింది. నక్క తలకు పన్నెండు పెన్నీలు, ముళ్లపందికి రెండు. ముళ్లపంది రాత్రిళ్లు ఆవు పాలు తాగేస్తుందని నమ్మేవారు పాపం! ఏ ఏడు ఎవరు ఎన్ని తలలు తెచ్చారో కొన్ని పుస్తకాల్లో పేర్లతో సహా ఉంటుంది. ఈ లెక్కలన్నీ పౌన్లు, షిల్లింగులు, పెన్నీలలో. పన్నెండు పెన్నీలు షిల్లింగు, ఇరవై షిల్లింగులు పౌను. అణాలు పైసల కాలం చూసిన పెద్దలు ఇంట్లో ఉంటే మీకన్నా త్వరగా కూడగలరు.

1834లో పేదల చట్టం మారింది. ఊళ్లన్నీ యూనియన్లుగా కలిసి వర్క్‌హౌస్‌లు కట్టాయి. అప్పటి నుంచి పేదల పోషణ లెక్కలను ఊరి పెట్టెలో కాక యూనియన్ కాగితాల్లో వెతకాలి. హామెట్ టోల్‌పడిల్‌వాడే అయినా చనిపోయిన చోటు డార్చెస్టర్ కావడానికి కారణం ఇదే.

ఆరో అడుగు: భూమి

మన అడంగల్, ఊరి నక్షా చూసినవారికి ఇది ఇంట్లో తిరిగినంత సులువు. 1836 చట్టం దశమ భాగాన్ని ధాన్యం బదులు నగదుగా మార్చింది. అందుకోసం పారిష్‌లను కొలిచి మ్యాపు గీసి, ప్రతి మడికీ నంబరు వేసి, పక్కన జాబితా రాశారు: భూయజమాని, సాగుదారు, పొలం పేరు, దున్నే నేలా పచ్చికా, విస్తీర్ణం, కట్టవలసిన సొమ్ము. మూడు ప్రతులు: ఒకటి ప్రభుత్వానికి, ఒకటి బిషప్‌కు, ఒకటి ఊరికి. మొదటిది నేషనల్ ఆర్కైవ్స్‌లో, మిగతావాటిలో ఒకటైనా కౌంటీ కార్యాలయంలో ఉండే అవకాశం ఎక్కువ.

విస్తీర్ణం మూడు అంకెల్లో ఉంటుంది: ఎకరాలు, రూడ్లు, పెర్చీలు. ఎకరాకు నాలుగు రూడ్లు, రూడుకు నలభై పెర్చీలు. ఇంగ్లీషువాళ్లకే ఇది తికమక. మనకు మాత్రం ఒక చిట్కా ఉంది. రూడంటే సరిగ్గా పది గుంటలు, నాలుగు పెర్చీలు ఒక గుంట. సెంట్లలో అయితే రూడు ఇరవై ఐదు. జాబితాలో 3, 2, 16 అని ఉంటే మూడెకరాల ఇరవై నాలుగు గుంటలు, అంటే 3 ఎకరాల 60 సెంట్లు. మా పరిశోధకుల బృందంలో నన్ను తొలిసారి మర్యాదగా చూసింది ఈ లెక్క నోటితో చెప్పిన రోజే.

కూలీ ఇల్లు కూడా ఈ మ్యాపులో నంబరుతో ఉంటుంది, అయితే చాలాసార్లు 'ఇళ్లు, తోటలు' అని ఒకే వరసగా కలిపి, సాగుదారు గడిలో 'ఇతరులు' అని రాస్తారు. అప్పుడు 1841 జనగణనలో గుమాస్తా నడిచిన క్రమాన్ని మ్యాపు మీద వేలితో అనుసరించండి. సాగుదారు గడిలో పేరున్న రెండు ఇళ్లను మేకుల్లా పట్టుకుంటే మధ్యలో ఉన్న కాపురాలు ఏ వరసవో తేలుతుంది. మా ఇంట్లో 1841లో ఎవరున్నారో నాకు తెలిసింది ఇలాగే.

అంతకు వెనక్కి వెళ్లాలంటే ఉమ్మడి భూములను పంచి కంచెలు వేసినప్పటి తీర్పు పత్రాలు, 1780 నుంచి 1832 దాకా వరసగా దొరికే భూమి పన్ను జాబితాలు, మేనర్ కోర్టు దస్తావేజులు ఉన్నాయి. మేనర్ అంటే మన జమీందారీకి దగ్గరి బంధువు. కౌలుదారు చనిపోతే వారసుడు ఆ కోర్టుకు వచ్చి నజరానా కట్టి భూమి తన పేర రాయించుకోవాలి. అలా తండ్రీకొడుకుల సంబంధం రిజిస్టరు లేని కాలంలో కూడా రుజువవుతుంది. 1733 దాకా ఇవి లాటిన్‌లో ఉంటాయి. భయపడవద్దు, అవే పది వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయి. జాకోబస్ అంటే జేమ్స్, గులియెల్మస్ అంటే విలియమ్. నెల తిరిగేసరికి అలవాటవుతుంది. 1910 ప్రాంతపు భూవిలువల సర్వే పుస్తకాలు కూడా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఇంటి చరిత్ర రాసేవారు వదలకూడదు.

వీలునామాలు, పత్రికలు, కోర్టులు

1858 జనవరి 12కు ముందు వీలునామాలు చర్చి కోర్టులవి, తర్వాత ప్రభుత్వానివి. ఆస్తి లేనివాడు వీలునామా రాయడనుకోకండి. వడ్రంగి తన పనిముట్లను పేరుపేరునా పంచిన కాగితాలున్నాయి. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌కు చందా ఉంది, మీ ఊరి పేరు వేసి ఒక నెల తనివితీరా వెతికి ఆపేయవచ్చు. ఊరి నేపథ్యానికి బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో కౌంటీలవారీగా ఊళ్ల చరిత్ర రాసిన విక్టోరియా కౌంటీ హిస్టరీ సంపుటాలు చాలా ఉన్నాయి.

ఊరు వదిలిపోయినవాడి గురించి ఊరి బయట ఎక్కువ తెలుస్తుంది. టోల్‌పడిల్ ఆరుగురు శిక్ష రద్దయి తిరిగొచ్చాక హామెట్ తప్ప మిగతావారు సొంతూరిలో స్థిరపడలేదు, ఎసెక్స్‌లో కౌలు పొలాలకు వెళ్లారు. 1839లో జేమ్స్ బ్రైన్, తన సహచరుడు థామస్ స్టాండ్‌ఫీల్డ్ కూతురు ఎలిజబెత్‌ను పెళ్లాడింది ఎసెక్స్‌లోని గ్రీన్‌స్టెడ్ చర్చిలో. తర్వాత వాళ్లంతా కెనడా చేరారు. టోల్‌పడిల్ రిజిస్టరు ఒక్కటే చూసినవాడికి ఐదుగురూ 1834 తర్వాత గాలిలో కలిసిపోయినట్టే కనిపిస్తారు.

రికార్డు కార్యాలయంలో ఒక రోజు

ముందే రీడర్ కార్డు, బల్ల, కాగితాల నంబర్లు సిద్ధం చేసుకోండి. కలం లోపలికి రానివ్వరు, పెన్సిలే. ఫొటోలకు రుసుము అడగవచ్చు. ప్రతి ఫొటోకు ముందు ఆ కట్ట నంబరున్న చీటీని ఫొటో తీయండి. ఇంటికొచ్చాక నాలుగు వందల బొమ్మల్లో ఏది ఎక్కడిదో చెప్పేది ఆ చీటీయే. పాత చేతిరాత చదవలేకపోతే తెలిసిన ప్రార్థన వాక్యాలతో మొదలుపెట్టండి. పాత వీలునామాలు చాలావరకు దేవుడి పేరుతోనే మొదలవుతాయి కనుక మొదటి మూడు వరుసల్లో ఆ గుమాస్తా అక్షరమాల మొత్తం దొరుకుతుంది.

కలిపి కుట్టేటప్పుడు

నేను చేసిన తప్పు చెబుతాను. ఒక కూలీ బాప్తిస్మం దొరికిందని సంబరపడి, అతని తాతముత్తాతల దాకా మూడు నెలలు వెనక్కి వెళ్లాను. తర్వాత ఖననాల పుస్తకం తిరగేస్తుంటే ఆ పిల్లవాడు పదకొండు వారాలకే చనిపోయినట్టు ఉంది. నాకు కావలసినవాడు పక్క ఊరిలో అదే పేరుతో పుట్టిన అతని పినతండ్రి కొడుకు. అప్పటి నుంచి నా నియమం: ఎవరినైనా వంశవృక్షం ఎక్కించే ముందు కాగితాల్లో చంపడానికి ప్రయత్నించాలి. ఖననాల్లో వెతికి, ఇంకో పెళ్లిలో వెతికి, ఇంకో ఊరి జనగణనలో వెతికి, ఎక్కడా చావనివాడే మనవాడు. పెద్ద వెబ్‌సైట్లలో ఇతరులు పెట్టిన వంశవృక్షాలను ఆచూకీగా వాడుకోండి, సాక్ష్యంగా కాదు.

కుటుంబానికొక కాగితం, ఇంటికొక కాగితం, పొలానికొక కాగితం పెట్టుకోండి. ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. లవ్‌లెస్ వంటి ఇంటిపేరును ఎన్ని వర్ణక్రమాల్లో చూశారో అన్నీ ఉంచండి, సరిదిద్దవద్దు.

మన వైపు నుంచి దారి

కొందరికి ఈ వెతుకులాట మచిలీపట్నంలోనో, రైల్వే పట్టణంలోనో మొదలవుతుంది. ముత్తాత ఇంగ్లీషు సైనికుడో, రైల్వే ఉద్యోగో అయిన కుటుంబాలు, మన ఊళ్లోని పాత సమాధి ఎవరిదో తెలుసుకోవాలనుకునేవాళ్లు. వారికి దారి లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల ద్వారా. మద్రాసు రాజధాని చర్చిల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు అక్కడ ఎన్/2 వరుసలో ఉన్నాయి. చాలావరకు ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైటులో చూడవచ్చు. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర చూసే ఫిబిస్ అనే సంఘం సూచికలు ఉచితం. సైనిక భర్తీ కాగితంలో పుట్టిన పారిష్ పేరు ఉంటుంది. గుమాస్తా చెవికి వినిపించిన వర్ణక్రమంలోనే ఉంటుంది కనుక మ్యాపు తెరిచి పైకి చదివి చూడండి. ఊరు తేలితే మొదటి అడుగుకు రండి.

పని ఒక కొలిక్కి వచ్చాక మీ నోట్సు ఒక ప్రతి కౌంటీ రికార్డు కార్యాలయానికి, ఒకటి ఊరి చర్చికి ఇవ్వండి, పైన తేదీ వేసి. బతికున్నవారి వివరాలు తీసేసి ఇవ్వాలి. మా ఊళ్లో నేనిచ్చిన కట్టను చర్చి వార్డెన్ ఆ పాత పెట్టెలోనే పెట్టింది. ఒక తాళం పనిచేయడం లేదని, వానాకాలానికి ముందు బాగుచేయిస్తానని చెప్పింది. ఖర్చు లెక్క పుస్తకంలో రాస్తుందట.